పల్లీల పొట్లములో ఒక చిత్రము

పెద్దమందడిలో బస్సు నిలుచు చోట, వేపచెట్టు నీడను, వేయించిన పల్లీలు అమ్ముకొనుచు ఒక అవ్వ కూర్చుండును. ఆమె ప్రక్కన పాత వార్తాపత్రికల కట్ట, ఆ కట్ట గాలికి ఎగిరిపోకుండ దానిపై ఒక గుండ్రాయి. బేరము తగిలినపుడు ఆమె ఒక కాగితమును నాలుగు భాగములుగా చింపి, అందొక భాగపు మూలను ఎడమచేతి వ్రేళ్ళ నడుమ నిమిడించి, కుడిచేతితో ఒక్కమారు త్రిప్పినంతనే అది బూరవలె చుట్టుకొనును. అడుగుకొనను మడిచి నొక్కి, గుప్పెడు పల్లీలు పోసి, పై అంచులను ఒకదానిలో నొకటి దోపి మన చేతికిచ్చును. బంక లేదు, దారము లేదు. అయినను ఆ పొట్లము వనపర్తి చేరువరకు విడిపోదు.

వేరుసెనగకు పేరుపడిన ఈ ప్రాంతమున పల్లీల పొట్లము అపురూపమైన వస్తువు కాదు. తినుట ముగిసిన వెంటనే దానిని నలిపి కిటికీలోనుండి పారవేయుట మా అందరి అలవాటు. ఒక సాయంకాలము మాత్రము, బస్సు ఆలస్యమగుటచేతనో, చేతిలో చదువుటకు మరియొకటి లేకపోవుటచేతనో, నేను ఆ పొట్లమును విప్పి మోకాలిపై పరచి చూచితిని. అందొక కథకు వేసిన బొమ్మ ఉన్నది. బావిగట్టున కూర్చున్న ఒక స్త్రీ; ముఖము కనబడదు, వీపు మాత్రమే మనవైపు ఉన్నది. జారిన కొప్పు, మెడపై ఒక్క గీత, ఎడమ భుజము కొంచెము వంగుట. ఆ వంపును జూచిన వానికి ఆమె ఏడ్చుచున్నదని వేరుగా చెప్పనక్కరలేదు. నేను గీతలు లెక్కించితిని. ఇరువదికి మించి లేవు. చిత్రకారుడు సంతకము చేసియుండు క్రిందిమూలకు చూపు త్రిప్పితిని గాని, సరిగా అచ్చటనే కాగితము చినిగియున్నది. కథ పోయినది, కథకుని పేరు పోయినది, గీచినవాని పేరును పోయినది; నూనె మరకల నడుమ ఆ భుజము మాత్రము మిగిలినది.

ఆ చినిగిన మూలను గూర్చియే నేను వ్రాయదలచితిని.

మన పల్లెలకు చిత్రశాలలు లేవు. సాలార్‌జంగ్ మ్యూజియము చూడగోరిన పెద్దమందడి బాలుడు ఒక పూట ప్రయాణము చేసి హైదరాబాదు చేరవలెను. చేరినను అచ్చటి బొమ్మలను అద్దమునకీవలనుండి చూచి మరలవలసినదే. కాని చిత్రకళ మన వాకిటికి రాకమానలేదు. కాగితము నెక్కి అది ప్రతిదినము వచ్చుచున్నది. ఆదివారపు అనుబంధములోని కథాచిత్రముగా, మొదటి పుటలోని కార్టూనుగా, పిల్లల పుస్తకపు అట్టగా, గోడకు వ్రేలాడు క్యాలెండరుగా వచ్చి, వారము తిరుగకముందే పొట్లమై, అలమరలో పరుపై, పొయ్యి రాజేయుటకు కొరవియై పోవుచున్నది. ఇంతగా మన చేతులలో నలిగెడి కళ వేరొకటి లేదు; దాని కర్తలను మనమెరిగినంత తక్కువగా మరి ఏ కళాకారులను ఎరుగము. ఇచ్చటి బడిపిల్లలకొక పత్రిక చూపి, ఈ బొమ్మ ఎవరు వేసినారని అడిగితిని. "పేపరోళ్లే ఏసిన్రు సార్" అని వారందరు ఏకకంఠముగా చెప్పిరి.

పేపరువారు వేయలేదు. ప్రతి గీత వెనుక ఒక మనుష్యుడు కలడు. తెలుగున కార్టూను గీచినవారిలో మొదటివాడని మనవారు గౌరవించెడి తలిశెట్టి రామారావు 1906 మే 20న, నేడు ఒడిశాలోనున్న జయపురమున జన్మించెను, వృత్తిచే న్యాయవాది. కాశీనాథుని నాగేశ్వరరావుగారు 1924లో స్థాపించిన 'భారతి'లో ఆయన చిత్రములు వెలువడినవి. 1947లో, ఇంకను నడివయస్సులోనుండగనే, ఆయన గతించెను. మే 20వ తేదిని తెలుగు కార్టూనిస్టులు తమ పండుగ దినముగా జరుపుకొనుచున్నారు. ఈ సంగతి పత్రికలు చదువువారిలో పదుగురకొక్కరికైన తెలియునా యని నా సందేహము.

ఆనాటి చిత్రకారుని చేతికి గీత తప్ప వేరు సాధనము లేకపోవుటకు అచ్చుయంత్రమే కారణము. ఆయన దళసరి తెల్లకాగితముపై నల్లసిరాతో గీచిన బొమ్మను ఫొటో తీసి, దాని ఛాయను జింకు రేకుమీదికి దింపి, ఆ రేకును ఆమ్లములో ముంచెడివారు; గీతలేని చోటనెల్ల లోహము కరగి పల్లమగును, గీత మాత్రము మెరకయై నిలుచును; ఆ రేకును కొయ్యదిమ్మకు బిగించి, సీసపు అక్షరముల ప్రక్కన కూర్చి అచ్చువేయుదురు. దీనినే బ్లాకు అనిరి. ఈ బ్లాకునందు నలుపు, తెలుపు అను రెండే కలవు. బూడిదవన్నెకు చోటు లేదు. నీడ కావలెనన్న ప్రక్కప్రక్కన సన్నగీతలు గీయవలెను, లేదా చుక్కలు పెట్టవలెను. ఆ గీతలు మరీ దగ్గరైనచో, చవుక న్యూస్ ప్రింటు సిరాను పీల్చి వానిని కలిపివేసి, చీర కుచ్చిళ్ళున్న చోట నల్లమచ్చ తేలును. కావున తక్కువ గీతలతో ఎక్కువ చెప్పగలవాడే పత్రికలో నిలిచెను. పేదకాగితము పెట్టిన ఈ నిర్బంధమే మన రేఖకు వ్యాయామమైనదని నేను దృఢముగా నమ్ముచున్నాను.

ఆ వ్యాయామము పరాకాష్ఠ నందినది బాపు చేతిలో. 1933 డిసెంబరు 15న నరసాపురమున పుట్టిన సత్తిరాజు లక్ష్మీనారాయణ, న్యాయశాస్త్రము చదివియు న్యాయస్థానము మెట్లెక్కక, 'ఆంధ్రపత్రిక'లో బొమ్మలు గీయుటకు కుదిరెను. బాల్యముననే, రేడియో అన్నయ్యగారి 'బాల' పత్రికలో ఆయన గీతలు అచ్చయినవి. ముళ్ళపూడి వెంకటరమణ 'బుడుగు'ను చదివినవానికి ఆ బాలుడు బాపు గీచిన రూపమున తప్ప వేరొక రూపమున తోపడు. ఆయన బొమ్మను చూచునపుడు గీచినదానికంటె విడిచినదానిని చూడుడు. ముక్కు, పెదవి గీచి చెంప విడుచును. చెంప మన కంటిలో దానంతట నదియే నిండును. జడ గీచి వీపు విడుచును. కలము ఒత్తిన చోట గీత లావై, ఎత్తిన చోట వెండ్రుకవలె సన్నమగుచు, ఒక్క ఊపిరిలో పాదమువరకు దిగివచ్చును. ఆయన చేతివ్రాతయే నేడు కంప్యూటరులలో అచ్చక్షరమై, పెండ్లిపత్రికలనుండి దుకాణపు బోర్డులవరకు వ్యాపించినది. ఆ అక్షరమును దినమున కొకమారైన చూడని తెలుగువాడుండడు.

'చందమామ' 1947 జులైలో మద్రాసున పుట్టినపుడు నాగిరెడ్డి, చక్రపాణిగారలు బొమ్మను కథకు అలంకారముగా గాక, కథలో సగముగా భావించిరి. భుజమున శవమును మోసికొని, చేత కత్తిదాల్చి శ్మశానమున నడచిపోవు విక్రమార్కుని గీచిన శంకర్, అనగా కె. సి. శివశంకరన్, 1924లో జన్మించి 2020వరకు జీవించెను. 2021లో ఆయనకు మరణానంతరము పద్మశ్రీ ప్రకటితమయ్యెను. నా తరమువారికి బేతాళుని భయము కథ చదివి పుట్టినది కాదు. శంకర్ గీచిన శ్మశానపు చెట్టుకొమ్మలను చూచి పుట్టినది. శ్రీకాకుళమున 1921లో జన్మించిన వడ్డాది పాపయ్య అదే 'చందమామ' అట్టలపైనను, 'యువ' పుటలలోను ఋతువులను, మాసములను, రాగములను వన్నెలలో ముంచి, 'వపా' అని సంతకము చేసి పంపెను. ఆ పుటలను విప్పి చట్రము కట్టించుకొన్న ఇండ్లు నేను చూచియున్నాను. చిత్రకళకు తెలుగునాట జరిగిన నిజమైన సన్మానమదియే.

తెలంగాణమునకు బొమ్మతో కథ చెప్పుట పత్రికలు వచ్చిన తరువాత నేర్చిన విద్య కాదు. చేర్యాల నకాషీలు ఖాదీవస్త్రమునకు గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి పూసి, ఎర్రని భూమికపై పురాణమును గడులు గడులుగా చిత్రించెడి పటములను, పద్మశాలీలకు మార్కండేయ పురాణము వినిపించు కూనపులివారు మొదలైన కథకులు ఊరూర విప్పి, ఒక్కొక్క గడిని చూపుచు పాడెడివారు. నేటి బాలుడు కామిక్సు పుస్తకమున గడినుండి గడికి చూపు నడపునట్లే నాటి శ్రోత పటమున నడపెను.

ఆ రక్తమే వేరొక రూపమున నేటి పత్రికలలో ప్రవహించినది. వరంగల్లు ప్రాంతపు చంద్ర వేలకొలది కథలకు బొమ్మలును, పుస్తకములకు అట్టలును వేసి 2021లో మరణించెను. ఆయన స్త్రీలు కాయకష్టము చేసిన స్త్రీలు, వారి మోచేతులు ఎముక తెలియునట్లుండును. సూర్యాపేటలో పుట్టిన శేఖర్ 'ఆంధ్రజ్యోతి'లో గీచిన కార్టూన్లలో పీడితుని పక్షము వీడి ఎన్నడును నిలువలేదు. కాన్సరు తన దేహమును తినుచున్నపుడు సయితము కలము దింపక, కులమే అంతకంటె ఘోరమైన వ్రణమని చూపుచు 'కాస్ట్ క్యాన్సర్' అను సంపుటిని వెలువరించి, 2014 మే నెలలో కన్ను మూసెను. తెలంగాణమునకు వెలుపల, విశాఖపట్టణమున రాగతి పండరి, పోలియో తన దేహమును బాల్యముననే బంధించినను, ఇంటిలోని ఆడువారి మాటను కార్టూనునకు తెచ్చి, మగవారే మెలగిన ఆ రంగమున 2015లో మరణించువరకు తన స్థానమును ఎవ్వరికిని విడువలేదు. కార్టూనిస్టు మోహన్ గీయుటతో తృప్తిపడక, 'కార్టూన్ కబుర్లు' వ్రాసి లోకమునందలి చిత్రకారులను తెలుగువారికి పరిచయము చేసెను; 2017లో ఆయన పోయినపుడు గురువు పోయెనని దుఃఖించిన యువచిత్రకారులు పెక్కుమంది.

వ్యక్తివ్యంగ్యచిత్రమన, అనగా క్యారికేచరన, ముఖమును వంకరగా గీయుటయని సామాన్యముగా తలతురు. అట్లు కాదు. ప్రతి ముఖమును సామాన్యముఖమునుండి ఎచ్చటనో ఒకచోట తొలగియుండును: ఒకనికి నుదురు ఎత్తు, ఒకనికి పెదవికి ముక్కునకు నడుమ దూరము హెచ్చు, మరియొకడు నవ్వినపుడు కన్నులు రెండు గీతలగును. చిత్రకారుడు ఆ తొలగుటను పట్టి, దానిని మరికొంత దూరము నడిపించును. అందుచేతనే ఆ బొమ్మ ఫొటోకంటె ఆ మనిషిని ఎక్కువగా పోలియుండును. మన పామర్తి శంకర్ గీచిన నెల్సన్ మండేలా ముఖమునకు 2014లో పోర్చుగల్ దేశపు వరల్డ్ ప్రెస్ కార్టూన్ పోటీలో గ్రాండ్ ప్రి లభించినది. ప్రపంచపు పత్రికాచిత్రకారులందరితో పోటీపడి తెలుగువాడొకడు ప్రథముడై నిలిచిన దినమున మన ఊళ్ళలో టపాకాయలు కాల్చినవారు లేరు. అదియే క్రికెట్టు ఐనచో కాల్చియుందుము.

ఇంతవరకు కాగితముపై గీతను చెప్పితిని. కాగితమే కళయగుట మరియొక మార్గము. కాగితమన్న మనకు పరాయి వస్తువు కాదు. నిజాం కాలమున కోరుట్లలో చేతితో చేసిన ముతకకాగితము పట్వారీల లెక్కల పుస్తకములకు వాడుకలో నుండెను. మా పాలమూరు పల్లెలలో నేటికిని దానిని 'కాయిదం' అనియే పిలుతురు. పెండ్లి పందిరికి, పీర్ల పండుగకు, వినాయకుని మండపమునకు ఆ కాయిదముతో చేయు పనితనమును శ్రద్ధతో చూచినవారెందరు? రంగుల పలుచని కాగితమును సగముగా, మరల సగముగా, మరల ఏటవాలుగా మడుతురు. మూడు మడతలకు ఎనిమిది పొరలు. కత్తెర ఒకమారు ఆడిన చోట ఎనిమిది నెలవంకలు తెరచుకొనును. విప్పినపుడు నడుమ పువ్వు, చుట్టు జాలరు. కాని మడత అంచును పూర్తిగా కత్తిరించినచో పువ్వు నిలువదు, ముక్కలై రాలును. పొరకు పొరకు నడుమ సన్నని వంతెనలు విడువవలెను. ఏమి కోయవలెనో అందరికిని తెలియును, ఏమి విడువవలెనో చేయి తిరిగినవానికి తెలియును. బాపు విడిచిన చెంపయు, పెండ్లివారింటి పిల్ల కత్తెరతో విడిచిన వంతెనయు ఒకే విద్యకు చెందినవని నేను చెప్పిన, అతిశయోక్తి యనుకొనవలదు.

ఈ విద్యనే చీనాదేశీయులు తమ కిటికీల నలంకరించుటకు తరతరములుగా వాడుచుండగా, 2009లో యునెస్కో దానిని మానవజాతి వారసత్వములలో చేర్చెను. మథురలో కృష్ణుని లీలలను కాగితమున సన్నముగా కోసి, ఆ కోతలగుండ రంగుపొడి చల్లి నేలపై చిత్రము తేల్చెడి పనిని సాంఝీ యందురు. ఫ్రెంచి చిత్రకారుడు హెన్రీ మాతిస్, 1941లో శస్త్రచికిత్స జరిగి మంచమునకు, చక్రముల కుర్చీకి పరిమితుడైనపుడు, రంగు పూసిన కాగితములను కత్తెరతో నేరుగా కోయనారంభించెను. ఆ కోతల సంపుటి 'జాజ్' వెలువడినది సరిగా మన చందమామ పుట్టిన 1947లోనే. మడతను మాత్రమే నమ్మిన జపానువాడు అకిరా యోషిజావా కర్మాగారమున పనిచేయుచు, తోటి కార్మికులకు రేఖాగణితము బోధించుటకు కాగితము మడచి చూపుచు, తుదకు కాగితమును కొంచెము తడిపి మడచు పద్ధతిని కనిపెట్టి, ఏనుగునకు బరువును, పక్షికి మెత్తదనమును తెచ్చెను; మడతను చుక్కల గీతతోను, త్రిప్పుటను బాణపు గుర్తుతోను చూపు ఆయన పద్ధతియే నేడు లోకమంతటను వాడుకలోనున్నది. మా అవ్వ పొట్లమునకు అట్టి పటము గీచినవారు లేరు గాని, ఆ త్రిప్పు, ఆ దోపు ఆ వంశమునకు చెందినవే.

గీత, కాగితము రెండును ఒకచోట కలిసిన పుస్తకములు నేడు మనకు దగ్గరలోనే తయారగుచున్నవి. చెన్నైలోని తారా బుక్స్ వారు 2006లో వెలువరించిన 'ది నైట్ లైఫ్ ఆఫ్ ట్రీస్' అను గ్రంథమున గోండు చిత్రకారులు భజ్జు శ్యామ్, దుర్గాబాయి, రామ్ సింగ్ ఉర్వేతి గీచిన చెట్లను, చేతితో చేసిన నల్లకాగితముపై, ఒక్కొక్క రంగును ఒక్కొక్కమారుగా చేతితోనే అద్దిరి. పుట త్రిప్పినపుడు రంగు వ్రేలికి తగులును. సికింద్రాబాదులోని మంచి పుస్తకం వారు తక్కువ వెలకు తెలుగు పిల్లలకు బొమ్మల పుస్తకములు అందించుచున్నారు. 44వ జాతీయ రహదారి పట్టి దక్షిణముగా పోవువారు బెంగుళూరులో భారత కార్టూనిస్టుల సంస్థవారి చిత్రశాలను చూడవచ్చును. వీనిలో పుస్తకములే నాకు ముఖ్యముగా తోచుచున్నవి. చిత్రశాలకు పిల్లవాడు పోవలెను, పుస్తకము పిల్లవాని యొడిలోనికి వచ్చును.

తెలంగాణమున తెలుగు కవులు లేరను మాటకు బదులుగా, మా గద్వాల సీమవాడైన సురవరం ప్రతాపరెడ్డిగారు 1934లో 'గోలకొండ కవుల సంచిక'ను ప్రకటించి, 354 మంది కవులను లోకము ముందు నిలిపిరి. పేరు పేరుగా అడిగి, ఉత్తరములు వ్రాసి, ఊరూరనుండి తెప్పించి కూర్చినది కాబట్టియే ఆ గ్రంథమునకు ఎదురు చెప్పగలవారు లేకపోయిరి. మన రేఖాచిత్రకారులకు అట్టి సంచిక కావలెను. జిల్లా జిల్లాకు, పత్రిక పత్రికకు, ఎవరు గీచిరి, ఎప్పుడు గీచిరి, ఏ కథకు గీచిరి అని వెదకి కూర్చువారు కావలెను. అట్టి పనికి మహాపండితుడు వచ్చునని వేచియుండుటకంటె, మన పాఠశాలలలో ఒక నూరు పుటల నోటుబుక్కుతో మొదలుపెట్టుట మేలని నా మనవి.

నచ్చిన బొమ్మను సంతకముతో సహా కత్తిరింపుడు. క్రింద పత్రిక పేరు, తేది, చిత్రకారుని పేరు వ్రాయుడు. మైదాపిండి లై వాడినచో అందు చిటికెడు మైలుతుత్తము కలుపుడు. పాత బైండింగువారు పురుగు పట్టకుండ అట్లే చేసెడివారు. అది విషము గనుక ఆ పని పెద్దలే చేసి, చేతులు కడుగుకొనవలెను. పుస్తకమును ఎండ తగులనిచోట ఉంచుడు. న్యూస్ ప్రింటులో కొయ్యగుజ్జునందలి లిగ్నిన్ అను పదార్థము వెలుతురు సోకి పసుపుబారును; కాగితమునందలి ఆమ్లము నారలను తినుటచేత పాత పత్రికలు ముట్టిన పొడియగును. వారమునకొక్క బొమ్మ చాలును. ఏడాదికి ఏబదిరెండగును, ఆ ఏబదిరెండింటిలో ఎవరి గీత ఎట్లుండునో సంతకము మూసి చెప్పగల పిల్లలు ప్రతి తరగతిలోను తేలుదురు.

నా నోటుబుక్కు మొదటి పుటలో, నూనె మరకలతో సహా, ఆ బావిగట్టు స్త్రీని అంటించితిని. క్రింద పేరు వ్రాయవలసిన చోటు ఖాళీగా విడిచితిని. వీపు మనవైపు త్రిప్పి, ఎడమ భుజము వంచి, జారిన కొప్పుతో బావిగట్టున కూర్చున్న స్త్రీ బొమ్మను ఏ ఆదివారపు అనుబంధములోనైన చూచిన జ్ఞాపకమున్న పాఠకులు, దానిని గీచినవారి పేరును ఈ పత్రికకు వ్రాసి తెలుపవలెనని ప్రార్థించుచున్నాను.